ఒరలోకి మరలిన ఖడ్గం

కనకశృంగ రాజ్యానికి ఉత్తరాన, మబ్బులు ఆగి అలుపు తీర్చుకునే నీలాద్రి శిఖరాల నడుమ, ఆ ఉదయం ఒక చిన్న పడవ మెల్లగా సాగిపోతోంది. చుట్టూ చూపు ఆనినంత మేర నీరు. లేత ఎండ తగిలి ఆ నీరు కరిగించిన ఇత్తడిలా తళతళలాడుతోంది. ఎంత అందంగా ఉన్నా అది చూసి మురిసిపోవలసిన దృశ్యం కాదు. ఆ నీటి అడుగున ఏడు పల్లెలున్నాయి. తాటిచెట్ల మొవ్వులు, ఒక దేవళం శిఖరం, ఎవరి మేడదో పిట్టగోడ మాత్రం పైకి కనిపిస్తున్నాయి. శిఖరం మీద కొంగలు బారులు తీరి కూర్చున్నాయి.

క్షీరవాహిని నది కొండల్లోంచి కిందికి దూకే ఇరుకు కనుమలో కాలదర్పణుడనే మాంత్రికుడు జలదుర్గం కట్టి, నదిని బంధించాడు. కనుమకు పైనున్న పల్లెలు మునిగిపోయాయి. కనుమకు కింద ఉన్న రాజ్యమంతా మూడేళ్ళుగా ఎండిపోయింది. "రాజ్యాన్ని నాకు రాసిచ్చి, కిరీటం నా పాదాల దగ్గర పెడితే నీళ్ళు వదులుతాను" అని వాడు సుమేధాదేవి మహారాణికి కబురు పంపాడు.

పడవలో ఇద్దరున్నారు. తెడ్డు వేస్తున్న యువతి పేరు వల్లరి. మహారాణికి నమ్మకమైన వేగులమనిషి. ఈ మునిగిన పల్లెల్లోనే పుట్టింది. ఆమె ఎదుట కూర్చున్నవాడు కేయూరుడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, ఒకప్పుడు కోట రక్షకదళానికి నాయకుడు. ఇప్పుడు మాత్రం మాసిన తలపాగా, మసి పట్టిన చేతులు, చింతపండు ముద్ద, సుద్దపొడి నింపిన సంచి. కంచు అద్దాలకు మెరుగుపెట్టే పనివాడి వేషం అది. మోకాళ్ళ పక్కన ఒక చాపచుట్ట ఉంది. ఆ చుట్టలో ఉదయద్వీపం నుంచి తెచ్చిన ఖడ్గం ఉంది.

"అన్నా, ఆ చాపను అంత ఆప్యాయంగా తడమకు. అద్దాలు తోమేవాడు ఎవడైనా చాపను అలా చూసుకుంటాడా?" అంది వల్లరి.

కేయూరుడు నవ్వి చెయ్యి తీసేశాడు. "రెండేళ్ళ అలవాటు చెల్లీ, ఊరికే పోదు."

"ఇరవై ఏళ్ళు కత్తి తిప్పినవాడివి. సముద్రం దాటి వెళ్ళి రెండేళ్ళు మళ్ళీ ఏం నేర్చుకున్నావు?"

"ఒరలోంచి కత్తి తియ్యడం. తీసిన కత్తిని ఒరలో పెట్టడం."

వల్లరి తెడ్డు ఆపేసింది. "అంతేనా?"

"అంతే. అందులోనూ మొదటి సగమే సరిగ్గా వచ్చింది."

వేళాకోళమాడుతున్నాడేమోనని వల్లరి అతని ముఖంలోకి చూసింది. అతను నిజమే చెబుతున్నాడు.

మూడేళ్ళ కిందట జలదుర్గం మీదికి వెళ్ళిన ఇరవై ఇద్దరు వీరుల్లో కేయూరుడొక్కడే తిరిగి వచ్చాడు. కాలదర్పణుడి సభామందిరం నిండా నిలువెత్తు కంచు అద్దాలుంటాయి. ఆ మాంత్రికుడి మీద కోపంతో కత్తి దూసినవాడి ప్రతిబింబం అద్దంలోంచి బయటికి వచ్చి, వాడు వేసే వేటునే వాడిమీద వేస్తుంది. దెబ్బతిన్నవాడు ఆ అద్దంలోనే బందీ అయిపోతాడు. కేయూరుడి తమ్ముడు జయంతుడు అతని కళ్ళ ఎదుటే అలా అద్దం పాలయ్యాడు. అది చూసి ఒళ్ళు మరచి దూకిన కేయూరుణ్ణి తన ప్రతిబింబమే కుడి భుజం మీద నరికింది. ఆ ఊపుకు, అద్దం లోపలికి లాక్కునేలోపే, అతను గవాక్షంలోంచి నీళ్ళలో పడి బతికిపోయాడు.

గాయం మానింది గాని చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. అప్పుడే ఒక ఓడసరంగు చెప్పాడు: ఉదయద్వీపంలో ఒరిన్ అనే ముసలమ్మ ఉంది, కత్తి చేతబట్టి ఉండగా ఆమెకు కోపం రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదట.

కేయూరుడు వెళ్ళేసరికి ఒరిన్ గుమ్మంలో కూర్చుని గడ్డితో చెప్పులు అల్లుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, అతని ఛాతీ ఎత్తు కూడా లేదు. అతను తన కథంతా చెప్పి, "కుడి భుజం పాడైపోయింది గురుమాతా" అన్నాడు.

"ఎడమచెయ్యి బాగానే ఉందిగా?"

"ఉంది."

"అయితే దానితో మొదలుపెడదాం. ఇరవై ఏళ్ళుగా అది ఖాళీగా కూర్చుంది."

రోజూ పొద్దున్నే చెక్కలు పరిచిన చావడి ఊడ్చి, మోకాళ్ళు మడిచి కూర్చుని, ఖడ్గాన్ని ఎదురుగా పెట్టి నుదురు నేలకు ఆనేలా మొక్కాలి. దళనాయకుడికి మొదట్లో తల కొట్టేసినట్టుండేది. "ఇనుప ముక్కకు మొక్కడమేమిటి గురుమాతా?" అన్నాడొకసారి. "ఇనుముకు ఎవరు మొక్కమన్నారు నాయనా? ఇది బయటికి వస్తే ఎవరో ఒకరు ఇంటికి తిరిగిపోరు. ఆ సంగతి రోజుకొకసారి తలుచుకోమన్నాను" అంది ఆమె.

మూడు నెలలు ఎడమచేతి పనే. బొటనవేలితో పిడిని ఒక్క గోరు వెడల్పు కదిలించడం, నడుము తిప్పుతూ ఒరను వెనక్కి లాగడం. కుడిచెయ్యి ఊరికే తోడు వెళ్ళేది. మోకాళ్ళు వాచిపోయేవి. వలలు వేసే బెస్తలూ, ఇద్దరు ముసలి నేతగాళ్ళూ అతనితోబాటు నేర్చుకునేవారు. వాళ్ళు కొయ్యకత్తులతో ఒక రాజ్యపు దళపతిని రోజూ చావబాదేవారు, ఆ తర్వాత ఎంతో మర్యాదగా వంగి నమస్కరించేవారు.

ఇక తడిపిన గడ్డిచుట్టలు నరకడం. అతను బలమంతా పెట్టి కొడితే కత్తి సగంలో ఇరుక్కుపోయేది. "చంటిబిడ్డ చెయ్యి పట్టుకుని ఏరు దాటేటప్పుడు ఎలా పట్టుకుంటావు? గట్టిగా నొక్కితే బిడ్డ ఏడుస్తుంది, వదులుగా పట్టుకుంటే కొట్టుకుపోతుంది. పిడిని అలా పట్టుకో" అనేది ఒరిన్. అది అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఒక వాన కురిసే ఉదయం, చూరులోంచి పడుతున్న చినుకుల చప్పుడు వింటూ అతను కత్తి తీశాడు. గడ్డిచుట్ట కాసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత పై సగం తీరిగ్గా జారి కింద పడింది. కేయూరుడు పొంగిపోయాడు. "ఇప్పుడు ఒరలో పెట్టు" అంది ఒరిన్. పెట్టబోయి ఎడమచెయ్యి కోసుకున్నాడు.

గురుమాత గాయానికి కట్టు కడుతూ, "కోపం ఒక్కటే కాదు నాయనా, సంతోషం కూడా కత్తిని ఒర దారి తప్పిస్తుంది" అంది. వచ్చేరోజున తన ఖడ్గమే అతని చేతిలో పెట్టి, "దీన్ని దుయ్యకుండా తిరిగి తెచ్చిస్తే నాకు మరీ సంతోషం" అంది.

"అన్నా! పైన!"

వల్లరి కేకకు కేయూరుడు తల ఎత్తాడు. కొండ అంచు నుంచి మూడు నల్లని ఆకారాలు రివ్వున దిగుతున్నాయి. కాలదర్పణుడు పెంచే లోహతుండాలు! గొర్రెపోతంత శరీరాలు, గునపాల్లాంటి ఇనుప ముక్కులు. వాటి రెక్కల గాలికే నీరు సుడులు తిరిగింది.

"పడవ వాలనియ్యకు!" అంటూ కేయూరుడు చాప విప్పి, ఖడ్గాన్ని నడుముకు దోపుకుని మోకాళ్ళమీదే కూర్చున్నాడు. నిలబడితే పడవ బోల్తాపడుతుంది. మొదటి పక్షి ముక్కు అతని తలపాగాను తాకబోయిన క్షణంలో నడుము తిరిగింది, ఒర వెనక్కి జరిగింది. పక్షి రెండు తునకలై చెరో పక్కన పడింది. రెండోది పక్కనుంచి వచ్చింది. ఎత్తిన కత్తి దిగేసరికి దాని రెక్క తెగి, గింగిరాలు కొడుతూ నీళ్ళలో మునిగింది. మూడోది వల్లరి జడను పట్టుకుని పైకి లేపింది. ఆమె తెడ్డుతో దాని కన్ను పొడిచింది. అది ముక్కు తెరిచి అరిచేసరికి కేయూరుడి కత్తి దాని మెడ కింద మెరిసింది. వల్లరి దబ్బున పడవలో పడింది.

ఆమె లేచి జుట్టు సవరించుకునేలోపు అతను కత్తి తుడిచి ఒరలో పెట్టేశాడు. కత్తిని కళ్ళతో చూడకుండానే పెట్టాడు. వల్లరి, "ఆ మొదటి సగం బాగానే నేర్చుకున్నావు" అని తెడ్డు అందుకుంది.

ఖడ్గాన్ని మళ్ళీ చాపలో చుట్టి, మధ్యాహ్నానికి జలదుర్గం చేరారు. నల్లరాతి గోడలు నీళ్ళలోంచి నిటారుగా లేచి ఉన్నాయి. బురుజు బురుజుకూ పాము పడగలు చెక్కి ఉన్నాయి. ద్వారం దగ్గర తాటిచెట్టంత కావలివాడు కుంభోదరుడు గద ఆనించుకుని కునుకుతున్నాడు.

"ఎవర్రా అది? అడుగు ముందుకేస్తే నమిలేస్తాను!"

"అద్దాలకు మెరుగు పెట్టేవాళ్ళం దొరా" అంది వల్లరి చేతులు జోడించి. "లోపల అద్దాలు మసకబారాయని కబురొస్తే వచ్చాం. ముందు మీ డాలు తోమి పెట్టమంటారా? మీ ముఖం మీరు చూసుకుని ఎన్నాళ్ళయిందో!"

కుంభోదరుడు ఇబ్బందిగా కదిలాడు. "మా అమ్మ బతికున్నప్పుడు నీళ్ళకుండలో చూసుకునేవాణ్ణి. సరే, తోము చూద్దాం."

చింతపండుతో తోమగా తోమగా డాలు మెరిసింది. అందులో తన ముఖం చూసుకుని ఆ భీకరుడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఫరవాలేదే! నేననుకున్నంత ఘోరంగా ఏం లేను!" అంటూ తలుపు తీశాడు.

లోపలికి నడుస్తూ కేయూరుడు మెల్లగా అన్నాడు: "మహారాణి ఆజ్ఞ గుర్తుంది కదా? ముందు నీళ్ళు. మిగతావన్నీ ఆ తర్వాతే."

"తూము తలుపును పట్టి ఉంచే తాడు సింహాసనం వెనకాలే ఉంది. అది తెగితే చాలు" అంది వల్లరి.

సభామందిరం వెయ్యి వెలుగులతో ధగధగలాడుతోంది. కప్పులోని రంధ్రంలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ దిగి అద్దం నుంచి అద్దానికి దూకుతోంది. నేలలో ఇనుప ఊచల జాలీ. దాని కింద తూము సొరంగం ఎండిపోయి ఉంది. చిన్న చిన్న అద్దాలు కుట్టిన పట్టువస్త్రం కట్టుకుని కాలదర్పణుడు సింహాసనంలో కూర్చున్నాడు. సన్నని మనిషి, మెత్తని గొంతు.

"రండి, రండి. ఇదిగో, ఈ చివరి అద్దంతో మొదలుపెట్టండి" అన్నాడు ఎంతో ఆదరంగా.

కేయూరుడు చాపచుట్టను చంకలో పెట్టుకుని, తోముడుగుడ్డతో అద్దం ముందుకు వెళ్ళాడు. అందులో జయంతుడు ఉన్నాడు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే. కళ్ళు మాత్రం బతికి ఉన్నాయి. ఆ కళ్ళు అన్నను గుర్తుపట్టాయి.

కేయూరుడు తోమడం మరిచిపోయి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"అద్దాలు తోమేవాడికి కంటతడి దేనికి?" అన్నాడు కాలదర్పణుడు లేచి నిలబడి. "ఆ భుజం నాకు తెలుసు. మళ్ళీ వచ్చావా కేయూరా? నీ అద్దం ఇంకా ఖాళీగానే ఉంచాను." అంటూ చేతి ఉంగరంతో జయంతుడి అద్దం మీద గీశాడు. లోపలినుంచి సన్నని మూలుగు వినిపించింది. జయంతుడి చెంప మీద నెత్తుటి చార తేలింది.

ఆ క్షణంలో కేయూరుడికి రెండేళ్ళ సాధన గుర్తుకు రాలేదు. రక్తం తలకెక్కింది. చాప ఎగిరిపడింది, ఎడమచేతి బొటనవేలు కదిలింది, కత్తి సగం దాకా బయటికి వచ్చింది. మందిరమంతా ఒక్కసారిగా ఇరవై ఇద్దరు కేయూరులు ఎర్రబడ్డ కళ్ళతో అద్దాల్లోంచి ఒక కాలు బయటపెట్టారు. వాళ్ళ కత్తులూ సగం దాకా వచ్చి ఉన్నాయి.

"రా! ఇంకొంచెం రా!" అన్నాడు కాలదర్పణుడు ఆశగా.

కేయూరుడు ఊపిరి వదిలాడు. చాలాసేపు వదిలాడు. ఇంత కష్టమైన పని అతను జీవితంలో చెయ్యలేదు. తమ్ముడి మూలుగు ఇంకా చెవిలో ఉంది, శత్రువు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్నాడు. అయినా ఖడ్గాన్ని అంగుళం అంగుళంగా వెనక్కి పంపాడు. పిడి ఒరకు తగిలి టక్కుమంది.

ఇరవై రెండు ప్రతిబింబాలూ కత్తులు ఒరల్లో పెట్టి వెనక్కి జరిగి, చెరిగిపోయాయి.

కాలదర్పణుడి ముఖం మొదటిసారి పాలిపోయింది. "దుయ్యరా పిరికిపందా! నీ తమ్ముణ్ణి ముక్కలు చేస్తాను, చూస్తూ ఊరుకుంటావా?"

కేయూరుడు నాలుగడుగులు పక్కకు నడిచి సింహాసనం దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఖడ్గాన్ని నేలమీద పెట్టి నుదురు ఆనించి మొక్కాడు. అతను లొంగిపోయాడనుకుంది వల్లరి. మాంత్రికుడు కూడా అలాగే అనుకుని బిగ్గరగా నవ్వాడు. ఆ నవ్వులో, కేయూరుడు కత్తి తీసుకుని నడుముకు దోపుకోవడం వాడు గమనించలేదు.

కేయూరుడి కళ్ళ ఎదుట ఇప్పుడు మనిషి లేడు. ఏనుగును కట్టేసేంత లావు తాడు ఒకటి, చక్రానికి చుట్టుకుని తేమతో నిగనిగలాడుతోంది. దాని మీద అతనికి కోపం లేదు. నడుము తిరిగింది, ఒర వెనక్కి జరిగింది. అద్దాల్లో ఒక్క నీడైనా కదలలేదు.

తాడు కాసేపు అలాగే నిలిచింది. ఆ తర్వాత ఫట్టున రెండుగా విడిపోయింది.

చక్రం గిర్రున తిరిగింది. బరువు రాళ్ళు కిందికి జారాయి, తూము తలుపు మూలుగుతూ పైకి లేచింది. మూడేళ్ళుగా బందీగా ఉన్న నది ఒక్కుమ్మడిగా సొరంగంలోకి దూకింది. నేల జాలీలోంచి తెల్లని తుంపర కప్పుదాకా లేచి, అద్దాలన్నిటినీ కమ్మేసింది. కంచు మీద నీటిబొట్లు చేరి జారుతుంటే, వాటితోబాటే లోపలి బొమ్మలూ కరిగి జారాయి. ఒకరి తర్వాత ఒకరు వీరులు దగ్గుతూ, తూలుతూ నేలమీద పడ్డారు. పదిమంది, పదిహేను, ఇరవై...

"జయంతుడేడీ?" అని అరిచాడు కేయూరుడు.

కాలదర్పణుడు చివరి అద్దాన్ని తుంపర తగలకముందే పెకలించాడు. గవాక్షంలోంచి దాన్ని, బొమ్మ ఉన్న ముఖం నీటికి తగలకుండా పైకి ఉండేలా, దిగువనున్న వరదలోకి విసిరి, తనూ దూకాడు. పెద్ద తాంబాళంలాంటి ఆ అద్దం మునగలేదు. వాడు దాని మీద నిలబడి నురుగులో దూసుకుపోతున్నాడు.

విడుదలైన వీరుల్లో పెద్దవాడైన సోమదత్తుడు లేవలేక లేస్తూ, "వెళ్ళు నాయకా! దుర్గం మేం చూసుకుంటాం!" అన్నాడు. తలుపు దగ్గర కుంభోదరుడు డాలు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. "నన్నూ చూసుకోమంటారా? ఆ మెత్తగొంతు వాడి దగ్గర నాకెప్పుడూ కడుపునిండా తిండి దొరకలేదు" అని గద కింద పడేశాడు.

కేయూరుడూ వల్లరీ పరుగున పడవలోకి దూకారు. తాడు విప్పనవసరం లేకపోయింది, వరదే తెంపేసింది. పడవ బాణంలా సొరంగంలోకి దూరింది. చెవులు చిల్లులు పడే హోరు, ముఖాన కొట్టే నీరు, అటూ ఇటూ రాతిగోడలు. రెప్పపాటులో మళ్ళీ వెలుగులో పడ్డారు.

వల్లరి ఒక్కసారి వెనక్కి తిరిగింది. కనుమ సందులోంచి సరస్సు నీరు దిగుతూ కనిపించింది. దేవళం శిఖరం కింద గోపురపు పై అంతస్తు, మేడ పిట్టగోడ కింద కిటికీలు పైకి తేలుతున్నాయి. "అన్నా, అది మా ఊరి మేడే! కిటికీ రెక్కలు ఇంకా ఉన్నాయి!" అంది. వెంటనే ముఖం తుడుచుకుని తెడ్డు గట్టిగా వేసింది.

ముందు వందబారల దూరంలో నల్లని అద్దం ఎగిరెగిరి పడుతోంది. కాలదర్పణుడు వెనక్కి తిరిగి పిడికిలి ఊపాడు. వాడి కాళ్ళకింద, కంచు అడుగున, ఒక చెయ్యి కదలడం కేయూరుడు స్పష్టంగా చూశాడు. మూడేళ్ళు కదలనిది, ఇప్పుడు తుంపర తగిలి కదిలింది. జయంతుడు లోపలినుంచి అద్దాన్ని నెడుతున్నాడు!

"బతికే ఉన్నాడు! కదులుతున్నాడు చెల్లీ!"

"అయితే నువ్వూ కదులు! ముందు ఏం వినిపిస్తోందో విన్నావా?"

విన్నాడు. నది కొండ దిగి మైదానంలోకి దూకే క్షీరపాతం హోరు అది. కాలదర్పణుడు అంచు దాకా వెళ్ళి, అద్దంతో సహా మాయమయ్యాడు. పక్కకు తిప్పడానికి గట్టు లేదు, ఆగడానికి చోటు లేదు.

"తిప్పమంటావా, పోనిమ్మంటావా?" అని అరిచింది వల్లరి.

"పోనీ!"

కేయూరుడు పడవ ముక్కు దగ్గర మోకాళ్ళు మడిచి కూర్చుని, ఎడమచేత్తో ఒరను పొదివి పట్టుకున్నాడు. పడవ అంచు దాటింది. ఆ ఎత్తునుంచి కనకశృంగ రాజ్యమంతా అతనికి ఒక్క చూపులో కనిపించింది. మోడువారిన తోపులు, నెర్రెలిచ్చిన పొలాలు, వాటి నడుమ తెల్లని గీత ఒకటి మెలికలు తిరుగుతూ ముందుకు సాగిపోతోంది. ఆ గీత వెంట రెండు ఒడ్డుల మీదా జనం బిందెలతో, కడవలతో, ఉత్త చేతులతో పరుగులు తీస్తున్నారు. వాళ్ళ కేకలు జలపాతం హోరును మించి పైకి వినిపిస్తున్నాయి.

పడవ కింద నీరు లేదు. వల్లరి అతని భుజం పట్టుకుంది. నురుగు మధ్యలో నల్లని అద్దం తళుక్కుమని మెరిసింది. పడవ ముక్కు సరిగ్గా దానికేసి దిగుతోంది.